ముప్పై దండీలు, ఒక ఇసుక సంచి

నా మీద ఎవరైనా జాలి చూపిస్తే నాకు కోపం వస్తుంది. తిట్టినా ఇంత కోపం రాదు. తిట్టినవాళ్ళని ఎదురు తిట్టొచ్చు. జాలిపడ్డవాళ్ళకి మాత్రం నవ్వుమొహం పెట్టి నమస్కారం చెయ్యాలట. పోయినేడాది బాపట్లలో నేను ఆ నమస్కారం చెయ్యలేదు. ఆ తర్వాత ఏడాదంతా నేను పడ్డ అవస్థకి అదే మొదలు.

రేపల్లెలో ఒక రైసుమిల్లులో గుమస్తాని నేను. ధాన్యం లోడు రాగానే గుప్పెడు గింజలు తీసి, తేమ చూసే మిషన్లో పోసి, అంకె చూసి, "ఇంకా పచ్చిగానే ఉన్నాయి బాబాయ్, రెండు రోజులు ఆరబెట్టి తీసుకురా" అని చెప్పి రైతుల చేత తిట్లు తినడం నా ఉద్యోగంలో ముఖ్యమైన భాగం. నీళ్ళ బరువుని గింజ బరువు కింద ఒప్పుకోకూడదు. పదహారేళ్ళుగా అదే పని. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు నా పరువు తీయడానికి పనికొస్తుంది.

కరాటేలోకి నేను కావాలని వెళ్ళలేదు. మా అమ్మాయి సరదా పడిందని శని, ఆదివారాలు సాయంత్రం పాసింజరులో తెనాలి తీసుకెళ్ళి ఒక స్కూలు ఆవరణలో జరిగే క్లాసులో దింపేదాన్ని. అది గంతులేస్తుంటే నేను గోడవార బల్ల మీద కూర్చుని చూసేదాన్ని. మూడు నెలలకి దానికి విసుగొచ్చింది. నాకు రాలేదు. అది మానేసిన వారం నేనొక్కదాన్నే రైలెక్కి వెళ్ళి, "మాస్టారూ, నేను చేరొచ్చా అండి?" అని అడిగాను. అప్పుడు నాకు ముప్పై ఆరేళ్ళు.

"ఎందుకు చేరకూడదమ్మా? రండి" అన్నారాయన. మా మాస్టారు మంచి మనిషి. ఈ కథలో వచ్చిన చిక్కంతా ఆ మంచితనంతోనే.

ఇంట్లో అత్తయ్య మాత్రం మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవర్ని కొట్టటానికే ఇదంతా?"

"ఎవర్నీ కాదు అత్తయ్యా."

"ఎవర్నీ కొట్టనిదానికి రైలెక్కి పోవాలా?"

తెల్ల బట్టలేసుకుని, నడుముకి బెల్టు బిగించి, వరసలో నిలబడి గట్టిగా అరిచినప్పుడు నాకు బాగుండేది. అంతే. ఆడమనిషి గట్టిగా అరిచినా ఎవరూ ఏమైందని అడగని చోటు మా చుట్టుపక్కల నాకు అదొక్కటే దొరికింది.

అయిదేళ్ళలో బ్రౌన్ బెల్టు దాకా వచ్చాను. మిగిలింది బ్లాక్ బెల్టు. దానికి బాపట్లలో పరీక్ష పెడతారు. దెబ్బలూ అడ్డులూ ఒక వరసలో కూర్చిన కటాలు పట్టు తప్పకుండా చెయ్యాలి, అయిదుగురితో వరసగా తలపడాలి, వీటన్నిటికంటే ముందు ఒంటి బలం చూస్తారు. ఛాతీ నేలకి ఆనీ ఆననట్టు దిగి, మళ్ళీ చేతులు నిటారుగా చాపి లేవాలి. పిల్లలు పుషప్స్ అంటారు, మా నాన్న తరంవాళ్ళు దండీలు అనేవాళ్ళు. అలాంటివి ముప్పై.

పోయినేడాది నేను పన్నెండు తీశాను. పదమూడోదానికి చేతులు నన్నొదిలేశాయి. మొహం చాప మీద పడింది. మొన్నటి పెళ్ళి తాలూకు బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్న కల్యాణమండపం అది. చుట్టూ నలభైమంది పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు. పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్ద మాస్టారు వంగి ఎంతో మెత్తగా అన్నాడు, "మోకాళ్ళు ఆనించుకోండమ్మా. ఆడవాళ్ళకి అది చాల్లెండి."

అప్పుడు ఆనించాను. అలా ముప్పై అయ్యాయి. సాయంత్రం ఆయనే నన్ను పిలిచి, నల్ల బెల్టు రెండు చేతులతో పట్టుకుని, "ఈ వయసులో ఇంతవరకు రావడమే గొప్ప" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పసిపిల్ల తప్పటడుగు వేస్తే కొట్టే చప్పట్లవి. నాకు ఒళ్ళు మండింది. బెల్టు తీసుకుని, మడిచి, ఆయన ముందున్న బల్ల మీదే పెట్టాను.

"ముప్పై తీసినప్పుడు పట్టుకెళ్తానండి."

మా మాస్టారు దగ్గరికొచ్చి, "తీసుకోండమ్మా, నలుగురిలో బాగోదు" అన్నారు.

"బాగోకపోతే పోనీయండి" అన్నాను.

పరీక్ష అయ్యాక పిల్లల్ని సూర్యలంక తీసుకెళ్ళడం మా మాస్టారికి అలవాటు. పాసయినవాళ్ళూ ఫెయిలయినవాళ్ళూ అందరూ ఇసకలో పరిగెత్తి, సముద్రంలో తడిసి, బజ్జీలు తిని ఇంటికెళ్ళాలి. ఆ రోజు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. నా చేతుల మీద నాకే పట్టరాని కోపంగా ఉంది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఒకామెని, "అక్కా, పాత యూరియా సంచి ఉంటే ఇస్తావా?" అని అడిగాను. ఎందుకని అడక్కుండా ఇచ్చింది. అల వచ్చి వెళ్ళిన చోట కూర్చుని దోసిళ్ళతో ఇసక నింపాను. మూతి బిగించి కట్టాను.

మాస్టారు వచ్చి నిలబడ్డారు. "ఏంటమ్మా ఇది?"

"ఇసకండి."

"కనపడుతోంది. ఎందుకని?"

"నా చేతులకి బుద్ధి చెప్పాలండి."

ఆయన మొహం మారిపోయింది. బరువులంటే ఆయనకి పడదు. అయిదేళ్ళలో యాభైసార్లు చెప్పుంటారు, బరువులెత్తితే కండ బిగుసుకుపోతుంది, కాలు లేవదు, చెయ్యి ఆలస్యంగా వెళ్తుంది అని. అదే మళ్ళీ చెప్పారు. "బస్తాలు మోసేవాళ్ళు కిక్కు కొట్టగలరా చెప్పండి?"

"వాళ్ళనెప్పుడన్నా అడిగి చూశామా అండి?" అన్నాను.

ఆ సంచిని ఆటోలో బాపట్ల స్టేషనుకి, అక్కణ్ణుంచి తెనాలికి, రైలు మారి రేపల్లెకి మోసుకొచ్చాను. పక్కసీటు పెద్దాయన అది ఇసకని తెలుసుకుని చాలాసేపు నవ్వాడు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికి సముద్రపు ఇసక మోసుకెళ్ళే మనిషిని ఆయన మొదటిసారి చూశాడట.

మర్నాడు మిల్లులో కాటా మీద పెడితే ఇరవై నాలుగు కిలోలు తూగింది. రోజూ పొద్దున్నే, మిల్లు మొదలయ్యేలోపల, గోడౌను వెనక రేకుల షెడ్డు కింద దాన్ని ఎత్తడం, దించడం, ఎత్తడం. మొదటి వారం దాన్ని మోకాళ్ళ దాకా తెచ్చేసరికే కళ్ళు తిరిగేవి. రెండో వారం నడుము దాకా వచ్చింది. మూడో వారం భుజం మీదకి చేరింది. నాకు గర్వం వచ్చేసింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర ఎవరో, "ఇంకా ఆ తన్నులాట మానలేదా వదినా?" అని నవ్వితే, ఇరవై నాలుగు కిలోలు అలవోకగా ఎత్తుతున్నానని అందరికీ వినపడేలా చెప్పి మరీ వచ్చాను.

మా మిల్లు ముఠా మేస్త్రీకి అరవై దాటాయి. నలభై ఏళ్ళు బస్తాలు మోశాడు, ఇప్పుడు మోసేవాళ్ళని నడిపిస్తున్నాడు. చుట్ట కాల్చుకుంటూ రోజూ నా అవస్థ చూస్తూనే ఉన్నాడు, ఒక్క మాటా అనలేదు. సోమవారం నేను సంచి భుజాన వేసుకుని ఆయన ముందు నుంచి నడిస్తే మాత్రం నోరు తెరిచాడు.

"అమ్మాయ్, దాన్ని ఒకసారి కాటా మీద పెట్టు."

పెట్టాను. ఇరవై కిలోలు.

ముందు కాటా పాడైందనుకున్నాను. తర్వాత అర్థమైంది. నా బలం పెరగలేదు, ఇసక ఆరింది. ఎండాకాలం రేకుల షెడ్డు కింద సముద్రపు నీళ్ళన్నీ ఆవిరైపోయాయి. ఊళ్ళో రైతులందరి గింజల్లో తేమని పదహారేళ్ళుగా పట్టుకున్న మనిషిని, నా సంచిలో తేమని మూడు వారాలు బలమనుకుని మురిశాను. ముఠా మొత్తం కడుపు పట్టుకుని నవ్వింది. మధ్యాన్నానికి రైతులకి తెలిసింది. ఎప్పుడూ నాతో గొడవపడే ఒకాయన పని కట్టుకుని లోపలికొచ్చి, "ఇంకో రెండు రోజులు ఆరబెట్టి తీసుకురామ్మా" అని వెళ్ళాడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు నాకే నవ్వొచ్చింది.

ఆ మూడో రోజే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. "బాబాయ్, నవ్వింది చాలుగానీ నేర్పు."

ఆయన చుట్ట పక్కన పెట్టాడు. "నువ్వు నడుముతో ఎత్తుతున్నావు. నడుము ఎత్తటానికి కాదమ్మా, నిలబెట్టటానికి. ఎత్తేది తొడలు."

సంచిని గుండెలకి హత్తుకుని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, పీట మీద కూర్చోబోతున్నట్టు దిగి లేవమన్నాడు. అవి బస్కీలు. అయిదు తీసి ఆగడం, మళ్ళీ అయిదు, మళ్ళీ అయిదు. తర్వాత సంచి కుడి భుజాన పెట్టుకుని గోడౌను ఈ చివరి నుంచి ఆ చివరికి, ఎడమ భుజాన పెట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడక. ఒంటివైపు బరువుంటే రెండోవైపు పక్కటెముకల కింద కండ నొప్పి పుడుతుంది. నడుము తిప్పి కొట్టే ప్రతి గుద్దుకీ ఆ కండే ఆధారమని నాకు తర్వాత క్లాసులో తెలిసింది. మేస్త్రీకి ఆ ముక్క తెలియదు. బస్తా మోసేవాణ్ణి ఒంగిపోకుండా నిలబెట్టేది అదేనని మాత్రం తెలుసు.

పిడికిలి గట్టిపడటానికి తడిపిన గోనె సంచులు పిండమన్నాడు. పిండి చూడండి, రెండో సంచికి ముంజేతులు భగ్గుమంటాయి. షెడ్డు ఇనపకమ్మీ పట్టుకుని వేలాడమన్నాడు. పదంకెలు లెక్కపెట్టేలోపు జారిపడేదాన్ని. వానాకాలం వచ్చేసరికి నలభై దాకా వేలాడగలిగాను.

ఇక దండీలు. నేల మీద పన్నెండుకే పడిపోయేదాన్ని నేలకే పంపలేదాయన. మూడు ధాన్యం బస్తాలు ఒకదానిమీద ఒకటి పేర్పించి, పైబస్తా మీద చేతులు పెట్టి తీయమన్నాడు. ఎత్తు మీద తేలిగ్గానే ఉంటుంది. అలా ఆగకుండా ముప్పై వచ్చిన రోజు ఒక బస్తా తీయించేశాడు. రెండు బస్తాల ఎత్తు మీద ముప్పై రావడానికి రెండు నెలలు పట్టింది. ఒక్క బస్తా మీద ఇంకో మూడు నెలలు, ఆ తర్వాతే నేల. మోకాళ్ళు మాత్రం ఎక్కడా ఆననివ్వలేదు. "కిందకి దిగటానికి తొందరేంటి? నేల ఎక్కడికీ పోదు" అనేవాడు.

నాకు తొందరే. రోజు మార్చి రోజు చెయ్యమంటే, దొంగచాటుగా ఇంట్లో వంటగట్టు మీద చేతులు పెట్టి రోజూ తీశాను. వినాయకచవితి సెలవులయ్యేసరికి కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. మేస్త్రీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివర్లో అన్న మాట మాత్రం రాస్తాను. "హమాలీకే వారానికో సెలవుందే, నీ ఒంటికి లేదా? ఇంకో రెండు తీయగలను అనిపించినప్పుడే ఆపు. ఆ రెండూ ఎల్లుండికి పనికొస్తాయి." మూడు వారాలు బస్తాని ముట్టనివ్వలేదు. ఆ మూడు వారాలూ నేను ఇంట్లో అందరి మీదా విరుచుకుపడ్డాను. అత్తయ్యే విసిగిపోయి, "ఆ సంచేదో ఎత్తుకోవే తల్లీ, మమ్మల్ని ఎత్తిపొడిచే కంటే" అంది.

తెనాలిలో మాస్టారికి నేను ఏమీ చెప్పలేదు. క్రిస్మస్ ముందు ఒక శనివారం, ఒక డిగ్రీ కుర్రాడు ప్యాడ్ పట్టుకుంటే నేను పక్క కిక్కు కొట్టాను. వాడు రెండడుగులు వెనక్కెళ్ళి కూలబడ్డాడు. వాడికంటే నేనే ఎక్కువ కంగారుపడ్డాను. మాస్టారు మళ్ళీ కొట్టమన్నారు, ఈసారి తనే ప్యాడ్ పట్టుకుని. కొట్టాను. ఆయన పడలేదు గానీ పాదం కదిలింది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"బస్తాలు మోస్తున్నానండి."

కండ బిగుసుకుపోతుందని ఆయన ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. ఆ రోజు తిరుగు రైల్లో నవ్విన నాపచేనే పండుతుందని నాలో నేనే ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

ఈ ఏడాది పరీక్ష ఆదివారం పొద్దున పడింది. ఆరాధన మానేస్తున్నానని అత్తయ్య సణిగింది. తర్వాత తనే పాస్టరు అయ్యగారికి చెప్పి నా కోసం ప్రార్థన చేయించిందట. చెయ్యి విరగకుండా రావాలని. అదే కల్యాణమండపం, దండలు మాత్రం ఈసారి చేమంతులు. అదే పెద్ద మాస్టారు. వరసలో నా దగ్గరికొచ్చి గుర్తుపట్టి నవ్వి, "మీరు మోకాళ్ళు ఆనించుకోండమ్మా" అన్నాడు.

నేను ఆనించలేదు. పదిహేను దాకా ఇబ్బంది లేదు. ఇరవై దగ్గర మోచేతులు వణకడం మొదలైంది. ఇరవై రెండుకి చెమట కళ్ళలో పడింది. ఇరవై అయిదు తర్వాత చేతులు చాచి పైనే ఆగాను. మేస్త్రీ చెప్పాడు, అలిసినప్పుడు బరువు కింద ఆగకు, పైన ఆగు అని. పెద్ద మాస్టారు వంగి, "చాలమ్మా, చాలు" అన్నాడు.

"మీరు లెక్క ఆపకండి సార్" అన్నాను.

ఆయన లెక్కపెట్టాడు. ఆఖరి మూడూ ఎంతసేపు పట్టాయో తెలియదు. ముప్పై అన్న మాట వినపడ్డాక కూడా ఇంకొకటి తీశాను. అది అవసరం లేదు. పోయినేడాది పదమూడోదాని బాకీ అనుకోండి.

తర్వాత అయిదుగురితో తలపడ్డాను. నాలుగోవాడు నా కాలు లాగి పడేశాడు, లేచాను. పెదవి చిట్లింది. అయిదోది పూర్తయ్యేసరికి నిలబడే ఉన్నాను. పరీక్ష నిలబడే ఉన్నవాళ్ళదే.

సాయంత్రం నల్ల బెల్టు నడుముకి కట్టారు. ఈసారి చప్పట్లు వేరుగా వినపడ్డాయి. సర్టిఫికెట్టు చేతికిచ్చారు. నేను గుమస్తాని, ఏ కాగితమిచ్చినా చదవకుండా ఒళ్ళో పెట్టుకోను. పేరు సరిగ్గా ఉంది, ఊరు సరిగ్గా ఉంది. కింద ముందే అచ్చేసిన ఒక వరస ఉంది. "వయసు రీత్యా, మహిళ అయినందున, సడలింపుతో ఉత్తీర్ణురాలు."

మళ్ళీ ఆయన బల్ల దగ్గరికే వెళ్ళాను. "ఇది నాది కాదండి."

పెద్ద మాస్టారు చదివి ఇబ్బందిగా చూశాడు. "దరఖాస్తులో అలాగే ఉందమ్మా. మీ మాస్టారే రాశారు."

వెనక్కి తిరిగాను. మాస్టారు తల దించుకున్నారు. "పోయినేడాదిలా మళ్ళీ బాధపడతారని రాశానమ్మా" అన్నారు నెమ్మదిగా. ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం మాత్రం తగ్గలేదు. ఏడాది పొడుగునా నేను మోసింది ఈ మనిషి మంచితనాన్నే కదా అనిపించింది.

"వేరే కాగితం లేదమ్మా, అన్నీ అచ్చేసి తెచ్చినవే. పోస్టులో పంపుతాం" అన్నాడు పెద్ద మాస్టారు.

"వేరేది వద్దండి. ఆ వరస కొట్టేయండి. కొట్టేసిన చోట మీరిద్దరూ సంతకం పెట్టండి. మా మిల్లులో అలాగే చేస్తాం."

ఆయన మా మాస్టారి వైపు చూశాడు. మాస్టారే జేబులోంచి పెన్ను తీసి, స్కేలు పెట్టి గీసినంత నిదానంగా ఆ వరస మీద అడ్డంగా గీత గీసి, పక్కన సంతకం పెట్టారు. ఆయన సంతకం కింద పెద్ద మాస్టారు పెట్టాడు.

సోమవారం పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని షెడ్డు కిందకి వెళ్ళాను. మేస్త్రీ చేతులు పంచెకి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ నా పేరు చదివాడు, ఊరు చదివాడు. కొట్టేసిన వరస కూడా వదల్లేదు. గీత కింద అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి. ఒక మాట దగ్గర వేలు ఆగింది.

"సడలింపంటే ఏంటమ్మా?"

"తేమ బాబాయ్. తీయించేశాను."